ఫతోర్డాలో ఫైనల్: టికెట్టు దగ్గర్నుంచి చివరి పెనాల్టీ దాకా

ఫుట్‌బాల్ ఫైనల్‌కి పిల్లల్ని తీసుకుని వెళ్ళొచ్చా అని మా ల్యాబ్‌లో అమ్మాయిలు అడుగుతుంటారు. అంత దూరం బస్సులో కూర్చుని వెళ్ళేంత ఏముంటుంది, టీవీలో చూస్తే సరిపోదా అని మా అపార్ట్‌మెంటువాళ్ళు అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాసేస్తే మేలనిపించింది. 2022 మార్చి 20, ఆదివారం. గోవాలో మడ్‌గావ్ పక్కనున్న ఫతోర్డా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. అప్పుడు ఏడో తరగతిలో ఉన్న మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. మా ఆయనకి డ్యూటీ, మా మామయ్యకి మోకాళ్ళ నొప్పులు, కాబట్టి ఇద్దరమే.

ముందే చెప్పేస్తాను: వెళ్ళండి. ఎక్కడైనా వెళ్ళండి, ఫతోర్డాలో అయితే అప్పు చేసైనా వెళ్ళండి.

ఆ సంవత్సరం సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. కరోనా వల్ల రెండు సీజన్ల లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. ఫతోర్డా, బాంబోలిం, వాస్కోలోని తిలక్ మైదాన్, ఈ మూడు గ్రౌండ్లలోనే అన్ని జట్లూ ఆడాయి. ఆటగాళ్ళు హోటల్ నుంచి గ్రౌండ్‌కి, గ్రౌండ్ నుంచి హోటల్‌కి. గ్యాలరీలు ఖాళీ. టీవీలో కోచ్‌ల అరుపులు ప్రతిధ్వనించేవి, బంతిని తన్నిన చప్పుడు కూడా వినపడేది. ఫైనల్‌కి మాత్రం జనాన్ని రానిస్తామన్నారు. అంటే మా జట్టు సీజన్ మొత్తం హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఫైనల్‌కి వచ్చింది. గచ్చిబౌలి స్టేడియం గడ్డి మీద అడుగు పెట్టకుండా. మా జట్టుని మేం కళ్ళతో చూసి రెండేళ్ళు దాటింది.

ఆ రెండేళ్ళూ నేనేం చేశానో కూడా చెప్పాలి, లేకపోతే ఆ రాత్రి నాకెందుకు అలా అనిపించిందో మీకు అర్థం కాదు. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఆ రెండేళ్ళూ పీపీఈ కిట్టు వేసుకుని జనం ముక్కుల్లోంచి, గొంతుల్లోంచి శాంపిళ్ళు తీశాను. నలుగురు ఒకచోట గుంపుగా కనిపిస్తే భయపడే అలవాటైపోయింది. నేను రెండు డోసుల సర్టిఫికెట్టు, మా వాడికి నా చేత్తోనే తీసిన ఆర్టీపీసీఆర్ రిపోర్టు, నాలుగు మాస్కులు సంచిలో పెట్టుకుని బయల్దేరాను. ఆ సంచి పట్టుకుని కొన్ని వేలమంది మధ్యకి నడవడం నాకు చిన్న విషయం కాదు.

టికెట్లు ఆన్‌లైన్‌లోనే. కేరళవాళ్ళు ఎదురుచూస్తున్నట్టున్నారు, తెరిచిన వెంటనే లాగేసుకున్నారు. మా వాడు స్కూలు నుంచి వచ్చి యూనిఫాం కూడా విప్పకుండా నా ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. మొదటిసారి డబ్బు కట్ అయింది, టికెట్టు రాలేదు. రెండోసారి తూర్పు గ్యాలరీలో రెండు సీట్లు పక్కపక్కనే దొరికాయి. మొదటి డబ్బు వారానికి వెనక్కి వచ్చింది. ఇలాంటి మ్యాచ్‌లకి కొనేటప్పుడు ఖాతాలో రెండింతలు డబ్బు ఉంచుకోండి, సగంలో ఆగిపోతే మళ్ళీ కొనడానికి.

బస్సు గురించి ఎక్కువ చెప్పను. శనివారం సాయంత్రం ఎక్కిన ప్రైవేటు స్లీపర్, పేరు వద్దు. రాయచూరు దాటాక ఏసీ ఆగిపోయింది, కిటికీలు తెరుచుకోవు. డ్రైవర్ని అడిగితే హుబ్లీలో చూపిస్తానన్నాడు, చూపించలేదు. తెల్లారి ఘాట్ దిగేటప్పుడు ముందు తలుపు తీసి పెట్టారు, అప్పుడు ఊపిరాడింది. మా వాడు మాత్రం రాత్రంతా చేతులకి గ్లవ్స్ వేసుకునే పడుకున్నాడు. వాడు స్కూలు జట్టులో గోల్‌కీపర్. ఆ గ్లవ్స్ కథ తర్వాత వస్తుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు డబ్బులు కాస్త ఎక్కువైనా రైలు చూసుకోండి, లేదా ముందు రోజే వెళ్ళిపోండి. మ్యాచ్ రోజు మధ్యాహ్నం చేరేలా పెట్టుకోవడం నా పొరపాటు.

మడ్‌గావ్ బస్టాండు నుంచి స్టేడియానికి నడిచే వెళ్ళిపోవచ్చు. మేం దిగేసరికే ఊరు పసుపైపోయింది. ఇది నవ్వొచ్చే విషయమే గానీ మా వాడికి మాత్రం మహా బాధ. హైదరాబాద్ జెర్సీ పసుపే, కేరళ జెర్సీ పసుపే. లీగ్ పట్టికలో మేం రెండో స్థానం, వాళ్ళు నాలుగు, కాబట్టి గ్రౌండ్‌లో పసుపు మాకొచ్చింది, వాళ్ళు నల్ల జెర్సీలో ఆడారు. గ్రౌండ్ బయట మాత్రం వేలమంది కేరళ పసుపులో మా ఇద్దరి పసుపు కలిసిపోయింది. దారి పొడవునా మలయాళంలో పలకరింపులు. ఇద్దరు ముగ్గురు వచ్చి మా వాడి బుగ్గ మీద పసుపు రంగు పూసిపోయారు కూడా. వాడు ప్రతివాడికీ వెనక్కి తిరిగి వీపు మీద హైదరాబాద్ అని రాసి ఉన్నది చూపించడం, వాళ్ళు నవ్వి భుజం తట్టడం. రెండు రోజుల కింద హోలీ అయింది. చాలామంది గోళ్ళలో, చెవుల వెనక ఇంకా గులాబీ రంగు ఉంది. అంత దగ్గరగా, మాస్కు లేని మొహాలు చూసి ఎన్నాళ్ళయిందో.

తినడానికి స్టేడియం లోపలి కన్నా బయటే చూసుకోండి. మడ్‌గావ్‌లో సాయంత్రం బండ్ల మీద రోస్ ఆమ్లెట్ అమ్ముతారు. ఆమ్లెట్టు వేసి, దాని మీద కొబ్బరి, మసాలాలు వేసి కాచిన చికెన్ గ్రేవీ గరిటెతో పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, నిమ్మకాయ పిండి, పక్కన పావ్ ఇస్తారు. ఆ గ్రేవీ మన ఇళ్ళలో కొబ్బరి వేసి చేసే కోడికూరకి దూరపు చుట్టంలా ఉంటుంది. మేం తిన్న బండి దగ్గర పెద్దాయన ఆమ్లెట్టు పెనం మీద నుంచి తీసే ముందు అంచుల్ని గరిటెతో లోపలికి మడిచేవాడు, గ్రేవీ పక్కకి కారిపోకుండా. మా వాడు రెండు తిన్నాడు. ఆ బండిని గుర్తుపెట్టుకోండి.

ఇక స్టేడియం. నేను పోల్చగలిగేది గచ్చిబౌలితోనే. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం అథ్లెటిక్స్ కోసం కట్టినది, చుట్టూ పరుగుల ట్రాక్ ఉంటుంది. గ్యాలరీకీ గడ్డికీ మధ్య అంత దూరం ఉండేసరికి ఆటగాళ్ళ మొహాలు కనపడవు, మన అరుపు వాళ్ళకి చేరుతుందో లేదో తెలియదు. ఫతోర్డాలో ఆట మన ఒళ్ళో జరుగుతున్నట్టుంటుంది. త్రో వేసే ఆటగాడు బంతిని జెర్సీకి తుడుచుకోవడం కనిపిస్తుంది. పైన కప్పు ఉండడం వల్ల శబ్దం పైకి పోదు, తిరిగి మన మీదే పడుతుంది. చిన్నపిల్లల్ని తెచ్చేవాళ్ళు చెవుల్లో పెట్టడానికి దూది తెచ్చుకోండి, నిజంగానే చెబుతున్నాను. సీటు ఎంచుకునే వీలుంటే మరీ కింద వరస వద్దు. కింద కూర్చుంటే ఆటగాళ్ళంతా ఒకే గీత మీద ఉన్నట్టు కనిపిస్తారు. ఏడెనిమిది వరసలు పైకి వెళ్తే ఎవరు ఎవర్ని వదిలేశారో, ఖాళీ ఎక్కడుందో చక్కగా తెలుస్తుంది. ఆట అర్థం కావాలంటే ఆ ఖాళీలే చూడాలి.

మా పక్క సీట్లలో కోళికోడ్ నుంచి వచ్చిన ఒకాయన, మా వాడి వయసే ఉన్న కూతురు. ఆయన 2014 ఫైనల్ టీవీలో చూశాడట, 2016 ఫైనల్ కొచ్చిలో గ్యాలరీలో కూర్చుని చూశాడట. రెండుసార్లూ బ్లాస్టర్స్ కోల్‌కతా చేతిలోనే ఓడిపోయారు, రెండోది పెనాల్టీల్లో. "ఇది మూడోది" అని మూడు వేళ్ళు చూపించాడు. ఆయనకి తెలుగు రాదు, నాకు మలయాళం రాదు, విరిగిన హిందీలో మాట్లాడుకున్నాం. మా వాణ్ణి మాత్రం 'మోనే' అని పిలిచేవాడు. బాబూ అన్నమాట.

నేనూ ఆయనకి మా లెక్క చెప్పాను. 2019 నవంబరు 2న గచ్చిబౌలిలో, సొంత గ్రౌండ్ మీద మా జట్టు ఆడిన తొలి మ్యాచ్ కూడా మీతోనే, మీవాడు రాహుల్ కేపీ ముందు గోల్ కొట్టాడు, మేం రెండు కొట్టి గెలిచాం అని. ఆ రోజు మేం నలుగురం వెళ్ళాం, మామయ్య కూడా వచ్చారు. ఆ సీజన్లో ఆ తర్వాత దాదాపు అన్నీ ఓటములే. పద్ధెనిమిది మ్యాచ్‌లలో రెండే గెలుపులు, పది పాయింట్లు, పట్టికలో అడుగున. ఆ మరుసటి ఏడాది స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు, పెద్ద పేర్ల వెంట పడకుండా కుర్రాళ్ళ మీద నమ్మకం పెట్టాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటివాళ్ళు మా వాడి నోట్లో ఇంటి పిల్లల పేర్లైపోయారు. ముందు అయిదో స్థానం, తర్వాత రెండు. మా ఫార్వర్డ్ ఓగ్బెచే ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టి, అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు.

ఫైనల్లో మొదట దిగిన పదకొండు మందిలో మన తెలుగు పిల్లాడు ఒక్కడూ లేడు. మణిపూర్, సిక్కిం, ఉత్తరప్రదేశ్, బెంగాల్, కొల్హాపూర్, గోవా, బయటి దేశాలు. ఇది నన్ను గుచ్చుతుంది, ఇప్పటికీ. మేముండేది సికింద్రాబాద్‌లో, అమ్ముగూడ దగ్గర. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం తెచ్చుకున్నప్పుడు ఆడిన తులసీదాస్ బలరాం పుట్టిపెరిగింది ఇక్కడే. ఆ జట్టు కోచ్ రహీం సాబ్ మన హైదరాబాదే. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. మా మామయ్య చిన్నప్పుడు వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని ఫతే మైదాన్‌లో సిటీ పోలీస్ ఆట చూశారు. ఆయన ఇప్పటికీ ఆటగాళ్ళని పేర్లతో కాదు, పోలీసు హోదాలతో కలిపి చెబుతారు. అలాంటి ఊరికి మళ్ళీ ఒక ఫైనల్ వచ్చిందంటే ఆయన మధ్యాహ్నం నుంచే టీవీ ముందు కూర్చున్నారని మా ఆయన ఫోన్‌లో చెప్పారు.

ఇప్పుడు మ్యాచ్. మొదటి సగం కేరళదే ఎక్కువ. వాళ్ళ అల్వారో వాజ్‌క్వెజ్ బాక్స్ (గోల్ ముందు గీతలు గీసిన చోటు) బయట నుంచి కొట్టిన బంతి పైబార్‌కి తగిలింది. ఆ చప్పుడు టీవీలో వినేది కాదు, ఇనప గేటుని ఎవరో సుత్తితో కొట్టినట్టు వినిపించింది. మా చియానీస్‌కి దెబ్బ తగిలి బయటికి వెళ్ళాడు, సివేరియో వచ్చాడు. విశ్రాంతికి ముందు సివేరియో తలతో కొట్టింది లోపలికి పోయిందనే లేచి నిలబడ్డాం, కేరళ కీపర్ ప్రభ్‌సుఖన్ గిల్ ఆపేశాడు. ఆ సీజన్ ఉత్తమ కీపర్‌కి ఇచ్చే గోల్డెన్ గ్లవ్ ఆ కుర్రాడికే వచ్చింది, న్యాయంగానే వచ్చింది.

68వ నిమిషం. రాహుల్ కేపీ. మళ్ళీ అతనే. బాక్స్ బయట నుంచి గట్టిగా కొట్టాడు. మా కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని చేయి తగిలింది, తగిలి కూడా లోపలికి పోయింది. చుట్టూ ఉన్న జనమంతా ఒక్కసారి లేచారు, నేనూ మా వాడూ కూర్చున్నచోటే ఉండిపోయాం. ఎవరిదో జెండా మా తలల మీద పడింది. జెండా కింద మా వాడు ఒకటే మాట అన్నాడు: "అమ్మా, చేతికి తగిలింది. ఆయనకి ఇప్పుడెలా ఉంటుందో తెలుసా?"

నాకు తెలియదు. వాడికి తెలుసు. వాడు కట్టిమనిని ఎందుకంత ఇష్టపడతాడో మీరు తెలుసుకోవాలి. కట్టిమని గోవావాడే. 2015 ఫైనల్ ఇదే ఫతోర్డాలో జరిగింది, ఎఫ్‌సీ గోవా, చెన్నైయిన్. అప్పుడు గోవా కీపర్ ఇతనే. 87వ నిమిషంలో గోవా 2-1తో ముందుకొచ్చింది. సొంత ఊరు, సొంత జనం, కప్పు చేతికి అందే దూరంలో ఉంది. 90వ నిమిషంలో బంతి కట్టిమనికి తగిలి సొంత గోల్లోనే పడింది. ఆ తర్వాత రెండు నిమిషాలకి మెండోజా ఇంకొకటి కొట్టి కప్పు చెన్నై పట్టుకుపోయింది. మా వాడు ఆ వీడియో ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. మొదటిసారి స్కూలు మ్యాచ్‌లో కాళ్ళ సందులోంచి గోల్ వదిలేసి ఏడ్చుకుంటూ వచ్చినప్పుడు మామయ్య వాడికి ఈ కట్టిమని కథే చెప్పారు. ఆ మరుసటి రోజే వాడి గ్లవ్స్ కొన్నది. బస్సులో వేసుకుని పడుకున్నవి అవే.

ఆ తర్వాతి ఇరవై నిమిషాలు చూడగలిగే ఆట కాదు. బంతి మా వాళ్ళ దగ్గరే ఉంటోంది, ముందుకు పోవడం లేదు. చుట్టుపక్కల వాళ్ళు కప్పు గెలిచిన పాటలు మొదలుపెట్టేశారు. కోళికోడ్ ఆయన మాత్రం పాడలేదు. మూడు ఫైనల్స్ చూసిన మనిషి, వాచీ చూసుకుంటున్నాడు. 88వ నిమిషంలో మా బంతిని వాళ్ళ డిఫెండర్లు బయటికి కొట్టారు. అది బాక్స్ అంచు బయట గాల్లోంచి దిగుతోంది. అక్కడ ఉన్నది సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా, ఇతనూ గోవా కుర్రాడే. నేల తాకనివ్వకుండా కొట్టాడు. నేను చూసింది బంతిని కాదు, గోల్ వెనక వల ఉబ్బడం. ఆ తర్వాత అరుపు ఎవరిదో అనుకున్నాను, నాదే. రెండేళ్ళు మాస్కు వెనక నెమ్మదిగా మాట్లాడిన గొంతు, అంత అరుపు ఉందని నాకే తెలియదు. కూర్చున్నాక చేతులు వణుకుతున్నాయి. స్టేడియం మొత్తంలో మాలాంటి వాళ్ళు అక్కడక్కడా పదీ ఇరవైమంది చొప్పున లేచి నిలబడి ఉన్నారు. అప్పుడు తెలిసింది మేమెక్కడెక్కడ ఉన్నామో.

1-1తో సమం కాబట్టి ఆడించిన అదనపు సమయం గురించి చెప్పడానికి ఏమీ లేదు. అందరి కాళ్ళూ అయిపోయాయి.

అప్పటికీ సమమే, కాబట్టి ఇక పెనాల్టీలు: రెండు జట్లూ వంతులవారీగా, ఎదురుగా కీపర్ ఒక్కడే ఉండగా గోల్‌కి తన్నాలి. వాటికి ముందు మామయ్య ఫోన్. "ఏం బిడ్డా, టైబ్రేకరా? పోరనికి ఇయ్యి ఫోన్" అన్నారు. మా వాడు చెవికి గట్టిగా అదుముకుని విన్నాడు. తాత ఏం చెప్పారని అడిగితే, "కాళ్ళు చూడు, బంతిని చూడకు అన్నాడు" అన్నాడు. అందుకే ఆ పెనాల్టీలన్నీ నేను కట్టిమని కాళ్ళే చూశాను. మీరూ ఎప్పుడైనా అలా చూడండి. తన్నేవాడు పరుగు మొదలుపెట్టినప్పుడు కీపర్ మడమలు కొంచెం లేస్తాయి. బరువంతా వేళ్ళ మీదికి వస్తుంది. బంతిని తన్నే క్షణానికి కనీసం ఒక పాదంలో కొంత భాగమైనా గీత మీద ఉండాలి, అది నియమం. ముందే రెండు కాళ్ళూ దాటి ముందుకొస్తే, ఆపినా చెల్లదు. మళ్ళీ తన్నిస్తారు.

కేరళ మొదట. లెస్కోవిచ్ కొట్టాడు, కట్టిమని ఆపాడు. మా కెప్టెన్ జోవావ్ విక్టర్ గోల్. నిషు కుమార్ వచ్చాడు, కట్టిమని మళ్ళీ ఆపాడు. మేం ఎగురుతున్నాం. రిఫరీ చేయి ఎత్తాడు, మళ్ళీ తన్నమన్నాడు. చుట్టూ కేరళవాళ్ళు కేకలు, నేను పక్కాయనతో ఇదేం అన్యాయమని అనబోయాను. మా వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "లేదమ్మా, ముందుకొచ్చేశాడు. నేను చూశాను. రిఫరీ కరెక్టే." పన్నెండేళ్ళవాడు, సొంత జట్టు కప్పు పోయేలా ఉంటే, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని, రిఫరీ కరెక్టే అంటున్నాడు. కోళికోడ్ ఆయనకి అర్థం కాక ఏమంటున్నాడని అడిగాడు. మా వాడే సీటు ముందు సిమెంటు మెట్టు అంచు మీద నిలబడి, మడమ ఎక్కడుండాలో, ఎక్కడుందో చూపించాడు. ఆయన వాడి కాలి వంక, మళ్ళీ వాడి మొహం వంక చూశాడు. ఏమీ అనలేదు. ఆయన కూతురు మాత్రం అదే మెట్టు మీద నిలబడి తనూ ఒకసారి చేసి చూసింది.

నిషు మళ్ళీ బంతి పెట్టుకున్నాడు. ఈసారి కట్టిమని వెనక పాదం గీత మీదే ఉంది. మేకు కొట్టినట్టు ఉంది. తన్నాక గానీ కదల్లేదు. ఆపాడు.

తర్వాత సివేరియో గోల్లో పెట్టలేకపోయాడు, కేరళకి ఆయుష్ అధికారి కొట్టాడు, ఒకటికి ఒకటి. మాకు ఖాసా కమారా కొట్టాడు. జీక్సన్ సింగ్ తన్నిందీ కట్టిమని ఆపాడు. ఆ తర్వాత హాలిచరణ్ నర్జారీ వచ్చి పెట్టేశాడు. 3-1. హైదరాబాద్ మొదటిసారి ఛాంపియన్. మైదానంలో అందరూ పరుగెడుతున్నారు. మా వాడు పరుగెత్తలేదు, ఎగరలేదు, సీట్లో కూర్చుని గ్లవ్స్ మధ్య మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఫైనల్లో ఉత్తమ ఆటగాడిగా కట్టిమని పేరు పిలిచేదాకా తల ఎత్తలేదు. ఆరేళ్ళ కింద ఏ గ్రౌండ్‌లో అయితే కప్పు చేజారిందో అదే గ్రౌండ్.

పక్కాయన లేచి, కూతురి సంచి సర్దుకుని, మా వాడి తల మీద చేయి పెట్టి, "నువ్వు మంచి కీపర్‌వి అవుతావు మోనే" అన్నాడు హిందీలో. మూడో ఫైనల్ ఓడిపోయిన మనిషి.

ఈ అనుభవానికి నేను మార్కులు వెయ్యాల్సివస్తే స్టేడియానికి, ఆటకి, పక్క సీటువాళ్ళకి పదికి పది. ప్రయాణానికి పదికి రెండు. ఇప్పుడు ఇంత వివరంగా రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ జట్టు ఇప్పుడు మనకి లేదు. ఆర్థిక ఇబ్బందులు మొదలయ్యాక మంచి ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, 2023-24లో మళ్ళీ పట్టిక అడుగుకి పోయాం, 2025లో క్లబ్బు ఢిల్లీకి మారి పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలిలో ఇక పసుపు జెండాలు లేవు. కాబట్టి మీ ఊరికి జట్టు ఉండి, అది ఫైనల్ చేరితే, సెలవు దొరకలేదనో, టీవీలో వస్తుందనో ఆగిపోకండి. మళ్ళీ ఏడాది చూద్దాంలే అని మా ఫ్లోర్‌లోవాళ్ళు అప్పుడు అన్నారు. వాళ్ళు ఇప్పటికీ నన్ను ఆ రాత్రి గురించి అడుగుతుంటారు.

మ్యాచ్ అయ్యాక, బహుమతులు అయ్యాక, మేం బయటికి వచ్చేసరికి పదకొండు దాటింది. ఆ వేళప్పుడు బస్సులు తక్కువ, మోటార్‌సైకిల్ టాక్సీలు దొరుకుతాయి, వాళ్ళని అక్కడ పైలట్ అంటారు. ఇద్దరం ఒకే బండి మీద వెళ్ళలేక నడిచాం. సాయంత్రం తిన్న రోస్ ఆమ్లెట్ బండి ఇంకా ఉంది. పెద్దాయన పెనం కడుగుతున్నాడు. మా పసుపు జెర్సీలు చూసి కేరళవాళ్ళం అనుకుని, పోనీలే అన్నట్టు చెయ్యి ఊపాడు. మా వాడు వెనక్కి తిరిగి వీపు చూపించాడు. ఆయన పెనం కింద పెట్టేసి హిందీలో, "కట్టిమని! మా వాడు! రెండోసారి కూడా ఆపాడటగా, ఎలా ఆపాడు?" అని అడిగాడు.

రోడ్డు పక్కన తెల్ల గీత ఉంది. మా వాడు సంచి నా చేతికిచ్చి, గ్లవ్స్ బిగించుకుని, కుడి మడమ ఆ గీత మీద ఆనించి నిలబడ్డాడు.